పుట్టుమచ్చలు రాయించారా?

అమ్మాయ్, ఆ దుప్పటి ఆరేశాక ఓసారి ఇలా గోడ దగ్గరికి రా. కంగారేం లేదు. కరివేపాకు కోసమైతే రెమ్మ విరుచుకుని నా దారిన నేను పోయేదాన్నే. మీ పిల్లల బడి సంగతి మాట్లాడదామని పిలిచాను.

ఏప్రిల్ 23తో బళ్లు ఆఖరు, తెలుసుగా. మళ్లీ తలుపులు తీసేది జూన్ 12నే. ఒంటిపూట బళ్లు పెట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను, తెల్లారకముందే లేచి ఒకదానికి జడలు, ఇంకొకడికి బొత్తాలు. 7:45కి గంట కొట్టేలోపు తోలేసి హమ్మయ్య అంటావు. పన్నెండున్నరకి అక్కడే అన్నాలు తిని, మొహాలు కందగడ్డల్లా చేసుకుని వస్తారు. ఇంకెన్నాళ్లులే, నాలుగు రోజులాగితే సెలవులేగా అనుకుంటున్నావు. అసలు పనులన్నీ ఆ నాలుగు రోజుల్లోనే ఉన్నాయి, అందుకే పిలిచాను.

"పరీక్షల గురించా పిన్నిగారూ? ఎస్‌ఏ-2కి లెక్కలన్నీ మళ్లీ చేయిస్తున్నానండీ. పెద్దాడు భాగహారం దగ్గర శేషం మర్చిపోతున్నాడు."

శేషం సంగతి వాడే చూసుకుంటాడు, వదిలెయ్. రెండో తరగతి పిల్లకి ఏ గ్రేడొచ్చిందో బీ గ్రేడొచ్చిందో వచ్చే సంక్రాంతికి నీకే గుర్తుండదు. అయినా నాలుగు దాకా పిల్లల్ని తప్పించి అదే తరగతిలో కూర్చోబెట్టడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. 2019లో సవరణ తెచ్చి ఐదు, ఎనిమిది తరగతుల దగ్గర ఆపాలో వద్దో రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. అక్కడ కూడా మళ్లీ పరీక్ష పెట్టి ఇంకో అవకాశం ఇచ్చాకే. అందుకని మార్కుల్ని కాసేపు గట్టున పెట్టి నేనడిగినదానికి చెప్పు. బడి రిజిస్టర్లో నీ పిల్లల పేర్లు ఎలా రాసున్నాయో ఎప్పుడైనా కళ్లారా చూశావా?

చూసుండవు. ఎవరూ చూడరు. నా సర్వీసంతా చిన్నబళ్లోనే గడిచిపోయింది కదా, ప్రోగ్రెస్ కార్డు చేతికిస్తే గబగబా మార్కుల గళ్లు వెతికేవాళ్లేగానీ, పైన పిల్లవాడి పేరు సరిగ్గా ఉందా, పుట్టిన తేదీ సరిగ్గా ఉందా అని చదివిన తల్లిదండ్రులు అరుదు. సంతకం చేసి ఇచ్చేయడమే. ఆ పైన రాసిందే రేపు వాడి నెత్తిమీద కూర్చుంటుంది.

మన తెలుగువాళ్ల పేర్లతో ఉన్న తంటా ఇంతా అంతా కాదు. ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం. ఆధార్ తీసే కుర్రాడు దాన్ని పూర్తిగా కొడతాడు. బళ్లో టీచరమ్మ ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టేస్తుంది. పుట్టినప్పటి సర్టిఫికెట్లో అది చివరికి పోయుంటుంది, లేదా అసలు పేరే ఉండదు, ఫలానా ఆవిడ బిడ్డ అని మాత్రం ఉంటుంది. ఇంగ్లీషులో లక్ష్మిని ఒకచోట ఎక్స్ వేసి రాస్తారు, ఇంకోచోట కె, ఎస్, హెచ్ వేసి రాస్తారు. తేజకి ఒకళ్లు ఒక ఏ పెడతారు, ఒకళ్లు రెండు. మొక్కులన్నీ తీరాలని నాగ, వెంకట, సత్య, సాయి అంటూ నలుగురు దేవుళ్లనీ ఒక్క పసివాడికి తగిలిస్తాం. ఫారంలో గళ్లు చాలక ఒక దేవుడు రాలిపోతాడు. ఏమన్నా అంటే, "మావాడేనండీ, ఊళ్లో అందరికీ తెలుసు" అంటారు. ఊళ్లో అందరికీ తెలిస్తే సరిపోయే రోజులు కావమ్మా ఇవి. కంప్యూటర్‌కి తెలియాలి.

"ఇంత చిన్న తేడాకి ఏమవుతుందండీ?"

అలా అడుగు. ఇప్పుడు పిల్లలందరికీ అపార్ అని 12 అంకెల నంబరొకటి ఇస్తున్నారు. ఒకటో తరగతి నుంచి వాడి చదువు వివరాలన్నీ దాని కిందే ఉంటాయి. బడి లెక్కలన్నీ ఎక్కించే యూడైస్ ప్లస్‌లో ఉన్న పేరూ, పుట్టిన తేదీ, ఆధార్‌లో ఉన్నవాటితో అచ్చుగుద్దినట్టు కలిస్తేగానీ ఆ నంబరు రాదు. పాపం టీచర్లు పాఠం పక్కన పెట్టి, ఫోన్లు చేత పట్టుకుని, ఒక్కో పిల్లవాడి పేరు కొట్టడం, అది ఎర్రగా మెరిసి కాదనడం, మళ్లీ కొట్టడం. అదైనా సరే, ఇవాళ కాకపోతే రేపవుతుంది. అసలు దెబ్బ పదో తరగతిలో. పది మెమోలో పడ్డ పేరూ తేదీ ఇంటరుకీ, ఉద్యోగానికీ, పాస్‌పోర్టుకీ, పింఛనుకీ అన్నిటికీ అవే. మరి ఆ మెమోకి వేరు ఎక్కడుందనుకున్నావు? ఒకటో తరగతిలో చేర్పించినరోజు మీ మావగారో, మీవారో హడావుడిగా చెప్పగా టీచరు రాసుకున్న అడ్మిషన్ రిజిస్టర్లో. చిన్నబళ్లో ఉండగానే అర్జీ పెట్టి, పుట్టిన సర్టిఫికెట్ చూపిస్తే తేలిపోయే పని అది. పది దాటిందంటే ఆఫీసుల చుట్టూ చెప్పులరిగిపోతాయి.

మా తరాన్ని చూడు. సగం ఊరు జూన్ ఒకటినో జులై ఒకటినో పుట్టింది! నిజంగా పుట్టారనుకునేవు. తిథీ నక్షత్రమూ తప్ప తేదీ ఎవరికి తెలుసు? "ఉప్పెనొచ్చిన ఏడు, అట్లతద్ది వెళ్లిన మూడోనాడు" అని చెప్పేవారు. హెడ్మాస్టరుగారు పిల్లవాణ్ని ఎగాదిగా చూసి, బళ్లో చేరడానికి ఐదేళ్లు నిండేలా ఒక తేదీ వేసేసేవారు. దాంతోనే ఉద్యోగాల్లో చేరారు, దాంతోనే రిటైరయ్యారు. అప్పట్లో చెల్లింది. ఇప్పుడు పుట్టిన తేదీకి పుట్టిన సర్టిఫికెట్టే గట్టి ఆధారం. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్లకైతే బడిలో చేర్చడానికైనా, ఆధార్‌కైనా అదొక్కటీ చాలని చట్టంలోనే పెట్టారు. నీ చిన్నదాని సర్టిఫికెట్లో పేరు ఎక్కించావా లేదా? పుట్టుక నమోదు చేయించిన ఏడాదిలోపు పేరు రాయించుకుంటే రుసుమేమీ లేదు. ఆ తర్వాతైతే కొంత కట్టి పదిహేనేళ్ల దాకా రాయించుకోవచ్చు. బారసాల ఘనంగా చేసి, వందమందికి భోజనాలు పెట్టి, ఆ పేరు మున్సిపాలిటీ చెవిన మాత్రం వేయనివాళ్లు మన వీధిలోనే ఉన్నారు. ఎవరని అడక్కు.

అలాగని సర్టిఫికెట్ లేదు కాబట్టి పిల్లవాణ్ని చేర్చుకోం అనే హక్కు ఏ బడికీ లేదు. వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం కుదరదని విద్యాహక్కు చట్టంలోనే రాసుంది. మన పక్క సందులో తాపీపనికి వచ్చినవాళ్ల పిల్లలున్నారే, వాళ్లమ్మకి ఈ మాట చెప్పు. కాగితాల్లేవని జడిసి పిల్లల్ని ఇంట్లో ఉంచేసింది.

అవునుగానీ, మీ పెద్దాడు ఐదు అయిపోయి హైస్కూలుకి వెళ్తాడు కదా. పుట్టుమచ్చలు రాయించారా?

నవ్వకు. మొన్న పనిమీద మన మున్సిపల్ బడికి వెళ్తే, వరండాలో ఐదో తరగతి పిల్లల్ని వరసగా నిలబెట్టి పుట్టుమచ్చలు వెతుకుతోంది టీచరమ్మ. ఆడపిల్లలు ఇంటిదగ్గరే అమ్మల్నడిగి చీటీ రాయించుకుని తెచ్చేశారు. మగపిల్లల దగ్గరే అల్లరంతా. ఒకడేమో మెడ చూపిస్తాడు, ఒకడు కాలు పైకెత్తి పక్కవాడి మీద పడతాడు. ఒక బక్కపిల్లాడికి ఎంత వెతికినా దొరకలేదు. ఆఖరికి చెవి వెనకాల ఒకటి దొరికింది. రెండోది మోచేతి మీదుందని వాడే ఉత్సాహంగా చూపించాడు. టీచరమ్మకి అనుమానమొచ్చి తడి వేలితో రుద్దితే చెరిగిపోయింది, జెల్ పెన్ను చుక్క! "లేకపోతే టీసీ ఇవ్వరన్నారండీ" అని వాడి ఏడుపు. ఎవడో పెద్ద క్లాసు వెధవ బెదిరించాడట. ఆవిడ నవ్వాపుకోలేక వాడికి నీళ్లు తాగించి, మోకాలి మీద దెబ్బ తగిలిన మచ్చ రాసుకుంది. గాటు మచ్చలూ పనికొస్తాయి. కాకపోతే పదో తరగతిలో మళ్లీ రెండు గుర్తులు అడుగుతారు, అప్పుడూ ఇవే చెప్పాలి. అందుకని ఏవి రాయించావో నువ్వొక కాగితం మీద రాసి దాచు. ఎడమా కుడీ తారుమారు చేసేవాళ్లు కోకొల్లలు.

చిన్నబడి నుంచి ఇచ్చేది రికార్డు షీటు. టీసీ అనేది హైస్కూలు మాట, కానీ జనం రెండింటినీ టీసీ అనే అంటారు. అది చేతికి రాగానే సంచిలో కుక్కేసి రాకు. అక్కడే నిలబడి పేరు, ఇంటిపేరు, తల్లిపేరు, తండ్రిపేరు, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, కులం, పుట్టుమచ్చలు, అన్నీ చదువుకో. తప్పుంటే అక్కడికక్కడ చెబితే టీచరమ్మే సరిచేసి ముద్ర వేస్తుంది. ఒక కాపీ తీయించి దాచి, అసలుది హైస్కూల్లో ఇవ్వు.

మీ ఆడపడుచు పిల్లల సంగతి విన్నానులే. ప్రైవేటు బడి కదూ. వచ్చే ఏడాది ఫీజు కొంత ఇప్పుడే కడితేగానీ ప్రోగ్రెస్ కార్డు ఇవ్వమన్నారటగా. ఆ బడి పేరు నాకెందుకుగానీ ఒక్క మాట మాత్రం ఆవిడకి చెప్పు. పిల్లల్ని ప్రభుత్వ బడికి మార్చుకోవాలనుకుంటే, పాత బడి హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇచ్చి తీరాలని చట్టం. ఒకవేళ వాళ్లు తాత్సారం చేసినా, టీసీ రాలేదన్న సాకుతో కొత్త బడివాళ్లు చేర్చుకోకుండా ఉండకూడదు. 2010 ఏప్రిల్ 1 నుంచి ఉన్న చట్టమే ఇది, పదిహేనేళ్లు దాటింది. అయినా టీసీ అనగానే తల్లిదండ్రులకి కాళ్లు వణకడం మాత్రం పోలేదు. అడిగేవాళ్లు లేకే ఆ బెదిరింపులు సాగుతున్నాయని నా అభిప్రాయం.

ఇంకో మాట. ఆ చివరింటి కొత్త కోడలు బుడ్డోణ్ని ఒకటో తరగతిలో వేయాలని తిరుగుతోంది కదా. ప్రైవేటు బళ్లలో మొదటి తరగతి సీట్లలో నాలుగో వంతు పేద, బడుగు వర్గాల పిల్లలకి ఉచితంగా ఇవ్వాలి. ఆ నోటిఫికేషన్ వేసవిలోనే వస్తుంది. ఆన్‌లైన్లో పెట్టుకోవాలి, ఎక్కువమంది పెడితే లాటరీ తీస్తారు. సచివాలయంలో అడిగితే చెబుతారు. సెంట్రల్ స్కూలు కావాలంటే మాత్రం ఆరేళ్లు నిండాలి, తొందరపడి లాభం లేదు.

అమ్మయ్య, డబ్బుల మాట మర్చిపోయేదాన్ని. తల్లికి వందనం 2025 జూన్‌లో మొదటిసారి వేసినప్పుడు ఈ గోడ దగ్గరే ఎంత గోలైందో గుర్తుందా? పిల్లకి 15,000 అన్నారు, 13,000 తల్లి ఖాతాలో పడ్డాయి, మిగిలిన 2,000 బడి నిర్వహణకి. "మాకు రెండు వేలు తగ్గించేశారు" అని మన పాలావిడ వారం రోజులు పోట్లాడింది. అది ఎవరూ తినేసింది కాదని చెప్పినా వినదే. అసలు డబ్బే పడనివాళ్లు కూడా ఉన్నారు. చాలామందికి తిరకాసు ఎక్కడంటే, తల్లి బ్యాంకు ఖాతా ఆధార్‌కి ముడిపడి లేకపోవడం, లేదా ఎప్పుడో తెరిచి వదిలేసిన వేరే ఖాతాకి ముడిపడి ఉండటం. నీకు పెళ్లికి ముందు పుట్టింట్లో తెరిచిన ఖాతా ఒకటుందన్నావు చూడు, అలాంటివే కొంప ముంచేది. ఈ సెలవుల్లో బ్యాంకుకి వెళ్లి ఏ ఖాతాకి ముడిపడి ఉందో కనుక్కో. బడికి నూటికి 75 రోజులైనా హాజరుండాలన్న షరతు కూడా ఉంది. పెళ్లిళ్లకీ జాతరలకీ నెలలో పదేసి రోజులు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి.

చిన్నదానికి ఐదెప్పుడో దాటాయిగా? ఆధార్‌లో వేలిముద్రలు వేయించావా? ఐదేళ్లలోపు తీసిన నీలం రంగు ఆధార్‌లో వేలిముద్రలుండవు. ఐదు నిండాక కొత్తగా వేయించాలి. ఐదు నుంచి ఏడేళ్లలోపు చేయిస్తే పైసా తీసుకోరు. గోరింటాకు ముదురుగా పెట్టించి తీసుకెళ్లకు, ముద్రలు పడలేదని తిప్పి పంపుతారు. ఫొటోకి కళ్లు మూసేస్తుంది, ముందే చెప్పి తీసుకెళ్లు.

కిట్ల మాటా అడిగావు కదా మొన్న. పుస్తకాలు, సంచి, బూట్లు, మూడు జతల యూనిఫాం గుడ్డ, బెల్టు, అన్నీ విద్యార్థి మిత్ర కింద బడి తెరిచాక ఇస్తారు. బూట్ల కొలతలు మాత్రం ముందే రాసుకుంటారు. పిల్లల కాళ్లు జూన్ దాకా ఆగుతాయా? బిగుతుగా వస్తే ఊరుకోకు, టీచరమ్మకి చెప్పు. పక్క బళ్లో వదులైనవాళ్లు ఉంటారు, మార్పించేస్తుంది. పాత పాఠ్యపుస్తకాలు తూకానికి వేయకు, దండం పెడతాను. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. సెలవుల్లో చదివించడానికి అంతకంటే ఏం కావాలి? తెలుగు వైపు చదివి కథ చెప్పమను, ఇంగ్లీషు వైపు ఏ మాటకి ఏ మాటో వాణ్నే పట్టుకోమను. డబ్బు పోసి సమ్మర్ కోచింగులు వద్దు. రెండో తరగతి దాకా అసలు ఇంటిపనే ఇవ్వకూడదని 2020లో కేంద్రం స్కూలు బ్యాగుల విధానంలోనే చెప్పింది. ఎవరు పాటిస్తున్నారు కనుక! అలాంటి పసిదానికి సెలవుల్లో రోజుకి రెండు పేజీల కాపీ రాయించడం నాకైతే దండనలాగే కనిపిస్తుంది. మన జిల్లా గ్రంథాలయంవాళ్లు వేసవి విజ్ఞాన శిబిరం పెడతారు, కథలు చెప్పిస్తారు, బొమ్మలు వేయిస్తారు. పైసా ఖర్చు లేదు. ఇద్దర్నీ పంపు.

"ఊరికి పంపేద్దామనుకుంటున్నానండీ, మా అమ్మ దగ్గరికి."

పంపు, మంచిదేగా. ఆ తాటిముంజలూ మావిడిపళ్లూ ఇక్కడ దొరుకుతాయా? కానీ మీ నాన్నగారికి ఫోన్ చేసి ఒక మాట గట్టిగా చెప్పు. గోదావరి కాలువలు వేసవిలో కట్టేస్తారు కదా, నీళ్లు లేవుకదా అని పిల్లల్ని వదిలేస్తారు. అడుగున గుంతల్లో నిలవ నీళ్లుంటాయి, పైకి మోకాలిలోతు కనిపించి లోపల మనిషిలోతుంటుంది. ఏటా సెలవుల్లో పేపర్లో చూస్తూనే ఉన్నాం. పెద్దవాళ్లు లేకుండా చెరువు వైపూ కాలువ వైపూ కాలు పెట్టనివ్వొద్దను. కుక్క కరిస్తే, గీరినా సరే, పసుపూ కారం అద్దొద్దను. పంపు కింద సబ్బుతో పావుగంట కడిగి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లమను. మీ అమ్మగారు పసుపు అద్దే మనిషి, నాకు తెలుసు.

ఇంకోటి, బళ్లో మధ్యాహ్న భోజనంతో వారానికి ఐదు గుడ్లు, చిక్కీ, రాగిజావ అందేవి. బడి మూసేస్తే అవన్నీ ఆగిపోతాయి. అన్నదానంలో పేరెన్నికగన్న డొక్కా సీతమ్మగారి పేరు ఊరికే పెట్టలేదు ఆ భోజనానికి. చాలా ఇళ్లలో పిల్లల కడుపుకి పట్టే తిండి అదొక్కటే. సెలవులకి బరువు తగ్గి తిరిగొచ్చే పిల్లల్ని నేను ఏటా చూసేదాన్ని. మీ ఇంటికేం లోటు లేదులే, బడికే వెళ్లని ఆ తాపీవాళ్ల పిల్లల్ని ఒక కంట కనిపెట్టు. అన్నట్టు, జూన్‌లో మీ ఆడపడుచు పిల్లలు బస్సెక్కేముందు దాని ఫిట్‌నెస్ కాగితం అడగమను. స్కూలు బస్సులకి ఏటా మే 15తో ఆ గడువు తీరిపోతుంది. కొత్తగా చేయించనివాళ్లు కొంతమంది అలాగే నడిపేస్తుంటారు.

సరే, పొయ్యిమీద పప్పు పెట్టొచ్చాను. నువ్వు రేపే బడికి వెళ్లు, 23 దాకా ఆగకు. ఆఖరి రోజు టీచరమ్మ చుట్టూ వంద మంది మూగుతారు. పదకొండు దాటితే అన్నాల హడావుడి, పెందరాళే వెళ్లు. పిల్లలిద్దరి ఆధార్లు, పుట్టిన సర్టిఫికెట్లు, నీ బ్యాంకు పుస్తకం, అసలువీ జిరాక్సులూ రెండూ పట్టుకెళ్లి, రిజిస్టర్ తెరిపించి, పేరు అక్షరం అక్షరం నువ్వే చదువుకుని రా. మీవారు వెళ్తానంటే పంపకు, ఆయన చూడకుండా సంతకం పెట్టి వచ్చేస్తారు.